కోసి పడవలో మామిడికాయ పులిహోర

మేం చూసొచ్చిన సరస్సు పేరు మాత్రం అడక్కండి. బస్తర్‌లో, సుక్మా జిల్లాలో, ఎర్రబోరు దాటాక పెద్దరోడ్డు దిగి అడవిలోకి కొంతదూరం పోతే వస్తుంది. అంతవరకే చెబుతాను. పేరు రాస్తే అది బుధ్‌రాం అనే మనిషి చెవిన పడుతుంది. ఆయనకు తెలుగు చదవడం రాదు గానీ, చదివి వినిపించేవాళ్లు ఆ రోడ్డు పొడుగునా ఉన్నారు. ఎందుకు పడకూడదో పోనుపోను మీకే తెలుస్తుంది.

నా పేరు పద్మ. భద్రాచలంలో చిన్న కర్రీ పాయింట్ నడుపుతాను. ఎండాకాలం పచ్చళ్లు పెట్టి అమ్ముతాను. ఏడాదికోసారి కొట్టు మూసి ఎక్కడికైనా పోయి రావాలని నా నియమం. ఈసారి ఎవరో ఫోన్‌లో ఒక వీడియో చూపించారు. అడవి మధ్యలో సరస్సు, ఆరుగురే పట్టే పడవ, పక్కనే ఉండి అన్నీ చెప్పడానికి ఆ ఊరి మనిషి. చూడగానే మనసు పారేసుకున్నాను. మా ఆయనకూ నాకూ కలిపి రెండు సీట్లు చెప్పించాను. తీరా బయల్దేరే ముందు ఆయన మోకాలు మొరాయించింది. ఖాళీ అయిన సీటులోకి రాజ్యం వదిన వచ్చి కూర్చుంది.

రాజ్యం వదిన మా ఆయన అక్క. ఆమె గురించి మీకు ఒక్క ముక్క తెలిస్తే చాలు. నేను ఏది వండి ముందు పెట్టినా, వంగి వాసన చూసి, "ఇది నిన్నటిదా?" అంటుంది. మధ్యాహ్నం దాటితే నా కొట్లో గిన్నెలన్నీ ఖాళీ. మర్నాటికి మిగిలేదే ఉండదు. అయినా నా పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ మాట మానలేదు. ఎందుకు మొదలుపెట్టిందో ఆమెకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు.

కుంటలో చాయ్

పొద్దున్నే బస్సెక్కాం. నా ఒళ్లో పెద్ద స్టీలు డబ్బా, అందులో మామిడికాయ పులిహోర. దాని గురించి ఇప్పుడే కాస్త గొప్ప చెప్పుకోనివ్వండి, తర్వాత ఆ అవకాశం రాదు. ముందురోజు సాయంత్రం చెట్టు మీద నుంచి కోయించిన కాయలు. లేవగానే తురిమి, పల్లీలూ శనగపప్పూ ఇంగువా వేసిన పోపులో తురుముని పచ్చిదనం పోయీ పోనట్టు వేయించి, చల్లారిన అన్నంలో కలిపాను. బస్సు ఊరు దాటకముందే వదిన మూత తీసి వాసన చూసింది.

"నిన్నటి అన్నమా?" అంది. నేను కిటికీలోంచి గోదావరిని చూస్తూ కూర్చున్నాను.

ఛత్తీస్‌గఢ్‌లోకి అడుగుపెట్టగానే వచ్చే ఊరు కుంట. అక్కడ బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి గానీ మనుషుల నోళ్లు అంత తొందరగా మారవు. బస్సు దిగి ఒక హోటల్లో చాయ్ తాగాం. హోటల్ ఆవిడ లారీ డ్రైవరుతో హిందీలో బేరమాడింది, మాతో తెలుగులో క్షేమం అడిగింది, లోపలున్న తల్లితో వాళ్ల ఇంటి భాష దోర్లీలో ఏదో చెప్పింది. మధ్యలో వచ్చి బిస్కెట్ల డబ్బాలో మూతి పెట్టిన మేకను ఏ భాషలో తిట్టిందో మాకు తెలియలేదు. మేకకు మాత్రం బాగానే అర్థమైంది. గ్లాసు పది రూపాయలు. మన దగ్గరా అంతే గానీ, ఇక్కడ గ్లాసు నిండా పోశారు.

అక్కణ్నుంచి షేర్ జీపు. దారి పొడవునా ఇప్పపువ్వు రాలే కాలం. చెట్ల కింద ఆడవాళ్లు వంగి ఏరుతున్నారు, ఇళ్ల ముందు చాపల మీద ఆరబోస్తున్నారు, జీపు నిండా ఆ తియ్యటి మత్తు వాసన. వదిన ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ మధ్యమధ్య తీసి వాసన చూసుకోవడం నేను గమనించాను.

రోడ్డు పక్క సంత దగ్గర జీపు ఆగితే దిగాను. పచ్చళ్ల మనిషిని కదా, నా కళ్లు మామిడికాయల కోసమే వెతుకుతాయి. చింతపండు ఉంది, ఎండుచేపలు ఉన్నాయి, వెదురు తట్టలు, అడ్డాకుల కట్టలు, అన్నీ ఉన్నాయి. మామిడికాయ ఒక్కటి లేదు. సంత చుట్టూ ఉన్న చెట్లేమో కాయల బరువుకి వంగి ఉన్నాయి.

"కాయలు అమ్మరా?" అని చింతపండు అమ్మే ఆవిడను అడిగాను.

"ఇంక పండుగ కాలే," అంది.

పండక్కి బేరం మానేస్తారు కాబోలు అనుకున్నాను. మనవైపు వ్యాపారులు ఇలా ఉంటే ఎప్పుడో మునిగిపోయేవాళ్లని వదినకు చెప్పి, ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

రేవులో లైఫ్ జాకెట్లు

సరస్సంటే నిజానికి ఒక వాగుకి కట్టిన ఆనకట్ట వెనుక నిలిచిన నీళ్లు. కానీ చుట్టూ గుట్టలు, గుట్టల మీద అడవి. నీళ్లు కదలకుండా ఉంటే అడవి రెండుసార్లు కనిపిస్తుంది. ఒడ్డున కొత్తగా రంగు వేసిన పాక, పాకలో టిక్కెట్లు చింపుతూ బుధ్‌రాం. నల్ల కళ్లద్దాలు, ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ నవ్వుమొహం. లైఫ్ జాకెట్లు తొడగడం కూడా ఆయన పనే.

వదినకు జాకెట్ ముందు బకిల్ కలవలేదు. బుధ్‌రాం లాగాడు, వదిన ఊపిరి బిగబట్టింది, అయినా జానెడు దూరం మిగిలింది.

"అమ్మాజీ, సైజు ఇదే ఉన్నది," అన్నాడు.

"నేను మునిగేదాన్ని కాదులే నాయనా, తేలేదాన్నే. ఇదెందుకు?" అంది వదిన. చివరికి ఒక తాడు తెచ్చి కట్టాడు.

మిగతా నలుగురిలో ఇద్దరు దంపతులు. ఇనుప గనుల టౌన్‌షిప్‌లో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దమనిషీ, ఆయన భార్య వరలక్ష్మిగారూ. పుట్టింది శ్రీకాకుళం వైపు, బతుకంతా ఈ బస్తర్‌లోనే. జగదల్‌పూర్ నుంచి తోంగ్‌పాల్ మీదుగా వచ్చారట. మరో ఇద్దరు రాయ్‌పూర్ అమ్మాయిలు. వాళ్ల చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లే.

పడవ నడిపేదీ, చుట్టూ చూపించి చెప్పేదీ ఒకే మనిషి. పేరు కోసి. ముప్ఫై ఏళ్లు దాటి ఉండవు. చీర కొంగు నడుముకు బిగించి, దానిమీద నారింజరంగు జాకెట్ వేసుకుని, వెనక మోటారు హ్యాండిల్ పట్టుకుని కూర్చుంది. ఆడమనిషి పడవ నడపడం చూసి వరలక్ష్మిగారు చప్పట్లు కొట్టారు. బుధ్‌రాం మొహంలో నవ్వు చెదరలేదు.

"ఈ సీజన్ మటుకే," అన్నాడు మాతో. "రేపు ఊర్ల పండుగ. పండుగైనంక పెద్దలు కూసుంటరు. హ్యాండిల్ ఎవరికో ఫైసలా జేస్తరు." ఆ ఎవరో తానేనని కళ్లద్దాలు సర్దుకున్న తీరులోనే తెలిసిపోయింది.

"రేపటి ముచ్చట రేపు సూద్దాం," అంది కోసి, మోటారు తాడు లాగుతూ.

నీళ్ల కింద పొలం

నేను చాలా టూర్లు చూశాను. గైడ్లు కనిపించేవి చూపిస్తారు. కోసి కనిపించనివి చూపించింది.

"ఇగో, ఇక్కడ మా అత్త పొలం," అని నీళ్లకేసి చెయ్యి చాపింది. అక్కడ నీళ్లే ఉన్నాయి. "వడ్లు, సామలు పండేటివి." కాస్త ముందుకు పోయాక, "ఇది పాత బండ్లబాట. మనం ఇప్పుడు దాని మీదనే పోతున్నం," అంది. మేమంతా వంగి చూశాం. బాట కనిపించలేదు, మా మొహాలు కనిపించాయి.

"టిక్కెట్టు కొని మరీ కనబడనివి చూస్తున్నాం," అని వదిన నాతో గొణిగింది. కోసి వినేసింది.

"కనబడేటివి చూడనీకి మీకు కండ్లున్నయి గదమ్మా. దానికి నేనెందుకు?" అంది. వదినకు జవాబు దొరక్కపోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ క్షణం నుంచి కోసి నాకు ప్రాణమైపోయింది.

నేను వెనక్కి జరిగి ఆమె పక్కనే కూర్చున్నాను. కోసి పుట్టిల్లు భేజ్జి దగ్గర. ఇంట్లో దోర్లీ, బడిలో హిందీ, సంతలో హల్బీ, గోండీ. మరి తెలుగెక్కడ నేర్చుకున్నావంటే నవ్వింది.

"మీ దిక్కు మిర్చి తోటల్ల, అక్క. ఏటేట పోతుంటి. నడుము ఇరిగిపొయ్యేది. కారం మంటకు రాత్రి కండ్లు మూతపడకపోయేటివి. ప్లాస్టిక్ పట్టా కింద పడుకునుడు, పిల్లను ఇక్కడ ఇడిసిపెట్టి పోవుడు. ఈ ఏడే పోలే. ఈ హ్యాండిల్ దొరికింది గదా."

"మరి రేపు అది బుధ్‌రాంకి ఇచ్చేస్తే?"

"మళ్ల మిర్చే," అంది. అంత మామూలుగా అంది గానీ, హ్యాండిల్ మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. నేను ఏటా కొనే ఎండుమిర్చి బస్తాలు గుర్తొచ్చాయి.

తిప్ప మీద భోజనం

నీళ్ల మధ్యలో మునక్కుండా మిగిలిన గుట్ట ఒకటుంది. భోజనం అక్కడే. టిక్కెట్టులో భాగంగా ఊరివాళ్లు వండి పంపింది. అడ్డాకుల్లో అన్నం, ఉలవల పప్పు, ఎండుచేపల పులుసు, ఒక చిన్న దొప్పలో ఎర్రచీమల పచ్చడి. చీమలనగానే ఫోర్‌మన్‌గారు ఇన్నేళ్ల బస్తర్ అనుభవాన్ని పక్కన పెట్టి పప్పులోకి తిరిగిపోయారు. రాయ్‌పూర్ అమ్మాయిలు ఫొటో తీసి వదిలేశారు. మా వదిన మాత్రం వేలితో తీసి నాలుకకు రాసుకుంది. కళ్లు మూసుకుంది. ఇంకొంచెం తీసుకుంది.

"ఇది ఇవాళ్టిదే. తెలుస్తోంది," అంది.

నా వంట గురించి జీవితంలో ఒక్కసారి అనని మాట చీమల గురించి అంది! ఇక నేను డబ్బా మూత తీయకుండా ఉండలేకపోయాను. అందరికీ వడ్డించాను. ఫోర్‌మన్‌గారు మూడుసార్లు వేయించుకున్నారు. వరలక్ష్మిగారు, "ఏటండీ ఈ రుసి! మీ నంబరివ్వండి, మా కాలనీ అంతటికీ పచ్చళ్లు మీ దగ్గరే కొనిపిస్తాను," అన్నారు. నేను వదిన వైపు చూశాను. వదిన నీళ్లవైపు చూసింది.

కోసి ఒక్కతే తినలేదు. డ్యూటీలో తిననంది. వద్దనడం అతిథి మర్యాద, ఆ మాట చెవిన పెట్టకపోవడం వడ్డించేవాళ్ల మర్యాద. మన ఇళ్లలో అంతే కదా. ఆ మర్యాద ఎల్లలు దాటినా మారదనుకున్నాను. తిరుగు ప్రయాణంలో పడవ నడిమధ్యకు వచ్చాక, ఒక అడ్డాకులో పులిహోర పెట్టి ఆమె ఒళ్లో ఉంచాను. వద్దక్కా అంది. నా చేతి వంట వద్దన్నవాళ్లు లేరన్నాను. ఇంకోసారి వద్దంది. నా మీద ఒట్టన్నాను.

ఎడమచేత్తో హ్యాండిల్ పట్టుకుని కుడిచేత్తో తినడం మొదలుపెట్టింది. ఒక ముద్ద తినగానే మొహం విప్పారింది. మధ్యలో మలుపు తిప్పడానికి కుడిచెయ్యీ హ్యాండిల్ మీద వేసి, మళ్లీ తింది. ఆకు దాదాపు ఖాళీ చేసింది.

"అక్క, ఈ పులుపు చింతపండుది గాదు, నిమ్మకాయది గాదు. ఏంది ఇది?"

నా వంటను ఇంత శ్రద్ధగా తిన్నవాళ్లు ఎవరూ లేరు. నేను నిటారుగా కూర్చుని, "మామిడికాయ! నిన్న సాయంత్రం చెట్టు మీది నుంచి కోయించాను," అన్నాను.

కోసి నమలడం ఆపేసింది. మోటారు ఆపేసింది. పడవ తనంతట తాను కొంత సాగి, నీళ్ల మీద నిలిచిపోయింది.

"కొత్త కాయా?" అంది.

"కొత్తదే. ఏం?"

"మా ఊర్ల ఇంక పండుగ కాలేదక్క. రేపు గదా."

అప్పుడు తెలిసింది, సంతలో కాయలు ఎందుకు లేవో. మామిడి కొత్తల పండుగ అయ్యేదాకా ఆ ఊళ్లో ఎవరూ కొత్త మామిడికాయ కొయ్యరు, కోసినా నోట్లో పెట్టరు. ముందు చనిపోయిన పెద్దలకు పెట్టాలి, ఆ తర్వాతే బతికున్నవాళ్లు తినాలి. మనకూ ఉగాది పచ్చడి ఉంది, కాదనను. కానీ ఉగాదికి ముందే మనం నాలుగైదుసార్లు పప్పులో వేసుకుని ఉంటాం. పండగనాడు దేవుడికి పెట్టి, ఇదే మొదటిసారి అన్నట్టు మొహం పెడతాం.

"పెద్దలకు కోపమొస్తుందా?" అని వదిన మెల్లగా అడిగింది.

"సచ్చిపోయినోళ్లకు చెప్పుకుంటే సమ్జాయించుకుంటరమ్మా," అంది కోసి. "బుధ్‌రాం సమ్జాయించుకోడు. కట్టు తప్పినోళ్ల చేతికి ఆ ఏడు ఊరి వస్తువు ఇయ్యరు. పడవ ఊరిది. బయటోళ్లొస్తే కట్టు చెడుతదని ముందుగాల్నే అంటున్నరు కొందరు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకైతే ఏడుపే వచ్చేసింది. ఎవరూ అడక్కుండా వెంటపడి వడ్డించి ఒక మనిషిని తిరిగి మిర్చి తోటలోకి తోశానా? నా మీద నాకే అసహ్యమేసింది.

"పాత ఆవకాయ అయితే ఏం గాకపోయేది," అంది కోసి, వంగి చెయ్యి నీళ్లలో కడుక్కుంటూ. "తోటల్ల ఆసామి ఏస్తే తింటుంటిమి. పోయినేటి కాయలు గదా, పండుగైనయే."

ఫోర్‌మన్‌గారు గొంతు సవరించుకున్నారు. "ఒడ్డున ఎవరడిగినా నిమ్మకాయ పులిహోర. అందరం ఒకే మాట మీదుందాం," అని తీర్మానం చేశారు. వరలక్ష్మిగారు తలూపారు. నేను రెండుసార్లు ఊపాను.

"శనివారం పూట నేను అబద్ధమాడను," అంది వదిన.

"ఆడొద్దు వదినా, నోరు మూసుకుంటే చాలు," అన్నాను. అది ఆమెకు ఇంకా కష్టమైన పనని నాకు తెలుసు.

ఒడ్డున పంచాయితీ

ఒడ్డున బుధ్‌రాం పక్కన ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఎర్రయ్య తాత, ఆ ఊరి పూజారి. మర్నాటి పండుగకు చోటు శుభ్రం చేయించడానికి వచ్చాడట. బుధ్‌రాం పడవను లాగి తాడు కట్టాడు. హ్యాండిల్ మీద అతని చెయ్యి ఆగింది. నల్ల రబ్బరు మీద పచ్చగా, నూనె మెరుస్తూ నాలుగు వేళ్ల గుర్తులు.

"ఇదేంది?"

"పసుపు," అంది కోసి.

"ఏం తిన్నరు పడవల?" అని మమ్మల్ని అడిగాడు. ఫోర్‌మన్‌గారు నిమ్మకాయ అని నోరు తెరవబోయారు. ఈలోగా రాయ్‌పూర్ అమ్మాయి చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, హిందీలో, "మ్యాంగో రైస్ భయ్యా, సూపర్ థా!" అంది. మేం తీర్మానం చేసుకున్నది తెలుగులో. వాళ్లిద్దరూ ఆ సభలో లేనే లేరని మాకెవరికీ తట్టలేదు.

బుధ్‌రాం కళ్లద్దాలు తీసేశాడు. "బయటోళ్లు తింటే మాకేం లేదు. కోసీ, నువ్వు తిన్నవా?"

కోసి తాత వైపు చూసింది. "తిన్న," అంది.

పాకలో ఉన్న ఇంకో ఇద్దరు ముగ్గురు లేచి వచ్చారు. ఏదో ఒకటి చెప్పాలని ముందుకు జరిగాను. అప్పుడు వినిపించింది వదిన గొంతు.

"మామిడికాయే. అయితే ఏ ఏటిదో అడిగారా?"

తాడుతో కట్టిన జాకెట్‌తోనే నాలుగడుగులు ముందుకేసి, తాత ఎదురుగా నిలబడింది.

"పెద్దాయనా, ఇది మా తమ్ముడి పెళ్లాం. ఇది కాపురానికొచ్చిన రోజు నుంచి దీని చేతి తిండి తింటున్నాను. తాజాదనేది దీని గుమ్మం తొక్కదు. పోయినేటి ఆవకాయ జాడీ అడుగున మిగిలిన ముక్కలు కడిగి, దంచి, రాత్రి మిగిలిన అన్నంలో కలిపి డబ్బాకెత్తింది. పైన పోపేస్తే ఎవరికీ తెలీదనుకుంటుంది. మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను పొద్దున బస్సులోనే అడిగాను, ఇది నిన్నటిదా అని. జవాబు చెప్పిందేమో అడగండి!"

ఇన్నేళ్లుగా మా ఇంటి నాలుగ్గోడల మధ్య వాడుకున్న సరుకంతా ఒక్కసారి బస్తర్ ఒడ్డున బయటపెట్టింది. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా వెతుక్కోలేదు. వరలక్ష్మిగారు నన్ను ఎగాదిగా చూశారు. అబద్ధమని ఆవిడకూ తెలుసు. అయినా ఆవిడ చూపులో సందేహం మొలకెత్తడం నాకు స్పష్టంగా కనిపించింది.

తాత నా వైపు తిరిగాడు. "నిజమేనా బిడ్డా?"

నా కొట్టు ముందు పెద్ద అక్షరాలతో 'ఏ పూటకాపూట' అని రాయించుకున్నదాన్ని నేను. తల వంచుకుని, "నిజమే తాతా. పాతదే," అన్నాను. కాకరకాయ కూడా అంత చేదుగా ఉండదు.

"ఝూఠ్!" అన్నాడు బుధ్‌రాం. "రుచి జూస్తే తెల్వదా, కొత్తదో పాతదో?"

తాత డబ్బా తీసుకున్నాడు. మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, తొందరేం లేనట్టు వాసన చూశాడు. అడుగున రెండు ముద్దలు మిగిలి ఉన్నాయి. డబ్బాను బుధ్‌రాం ముందుకు చాపాడు.

"జూడు మరి," అన్నాడు.

బుధ్‌రాం చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది. కొత్తదైతే, రుచి చూసినవాడూ కట్టు తప్పినట్టే. పాతదైతే, అడగాల్సిన పనే లేదు. ఎటు చూసినా ఆ ముద్ద నోట్లో పెట్టుకుని లాభం లేదని అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. చెయ్యి వెనక్కి తీసుకుని మళ్లీ కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"ఇంటి ఆడబిడ్డ చెప్పింది, వండిన మనిషి ఒప్పుకున్నది," అన్నాడు తాత, మూత గట్టిగా నొక్కి డబ్బా నా చేతిలో పెడుతూ. "పాతదే. రేపు పండుగ, ఉండి పోండి."

కొత్తల పొద్దు

మిగతా నలుగురూ వెళ్లిపోయాక, ఆ రాత్రి వదినా నేనూ కోసి ఇంట్లో ఉన్నాం. వదినతో మాట్లాడకూడదని నిర్ణయించుకున్నాను గానీ, మనసు నిలవలేదు. "శనివారం అబద్ధమాడనన్నావుగా," అన్నాను.

"నేనన్నదాంట్లో అబద్ధమేముందే?" అంది వదిన, అటు తిరిగి పడుకుంటూ. ఆ మాటకు కోసి నవ్విన నవ్వుకి ఆమె అత్త లేచి వచ్చి ఏమైందని అడిగింది.

పొద్దున్నే ఊరంతా సరస్సు ఒడ్డున మామిడిచెట్ల కింద చేరింది. తాత స్నానం చేసి, చెట్టు మొదట్లో అలికిన చోట కూర్చున్నాడు. ముందు ఇప్పసారా చుక్కలు నేల మీద వదిలారు. అప్పుడే కోసిన కాయలను చెక్కు తీయకుండా ముక్కలు చేసి, బెల్లంతో కలిపి, చిన్న చిన్న దొప్పల్లో పెట్టారు. మొదటి దొప్పలు పెద్దలకు. పక్కనే కూర్చున్న పసిపిల్లలు కూడా చెయ్యి చాపకుండా చూస్తున్నారు. మా ఇళ్లలో నైవేద్యం అయ్యేలోపు వంటగదిలో సగం వడలు మాయమవుతాయి.

తాత దోర్లీలో ప్రార్థన మొదలుపెట్టాడు. చెవి నిగిడిస్తే సగం మనకు అందే భాషే. వానలు అడిగాడు, పిల్లల్ని కాయమన్నాడు, పశువుల్ని కాయమన్నాడు. చివర్న గొంతు తగ్గించి మూడు మాటలు చెప్పాడు. తెలిసి తిన్నోళ్లను మన్నించమన్నాడు. తెలియక తిన్నోళ్లను మన్నించమన్నాడు. పిలిచి తినిపించినోళ్లను మన్నించమన్నాడు. కోసి తల వంచుకుని ఉంది. నేను కూడా వంచాను.

తర్వాత అందరికీ దొప్పలు ఇచ్చారు. మాకూ ఇచ్చారు. ఈ కాలమంతా నేను కాయలు కోస్తూనే ఉన్నాను, రుచి చూస్తూనే ఉన్నాను, పులుపు ఎంత ఉందో ఉప్పు ఎంత పట్టిందో లెక్క వేసుకుంటూనే ఉన్నాను. ఆ పొద్దున ఊరంతటితో కలిసి ఒక్కసారే కొరికితే, ఆ లెక్క గుర్తురాలేదు. పళ్లు పులిశాయి, కళ్లు మూసుకుపోయాయి, చుట్టూ పిల్లలు పులుపుకి మొహాలు వంకర్లు పెడుతూ అరిచారు. నాకు చాలా సంతోషమేసింది. వదిన తన దొప్ప వాసన చూడకుండానే తినేసింది.

ఆ తర్వాత పెద్దలు కూర్చున్నారు. బుధ్‌రాం లేచి చాలాసేపు మాట్లాడాడు. ఆడమనిషి అనీ, బయటివాళ్లు అనీ, నిన్నటి పసుపు అనీ అన్నాడు. తాత అంతా విని, నిన్నటిది నిన్ననే తేలిపోయిందన్నాడు. పడవ నీళ్లలోకి దిగినప్పటి నుంచి ఒక్క మనిషి తడవకుండా తిరిగొచ్చారా లేదా అని అడిగాడు. వచ్చారని అందరూ ఒప్పుకున్నారు. అయితే హ్యాండిల్ కోసి దగ్గరే ఉండనీ అన్నాడు. కోసి అత్త అక్కడికక్కడే ఏడ్చేసింది. బుధ్‌రాం మాత్రం మళ్లీ టిక్కెట్ల పాకలోకి పోయి, మా దగ్గర జాకెట్ తాడు తిరిగి తీసుకున్నాడు.

జీపు ఎక్కే దారి అవతలి ఒడ్డుకు దగ్గర. కోసి మమ్మల్ని పడవలో దించుతానంది. నేను మళ్లీ వెనక ఆమె పక్కనే కూర్చున్నాను. ఒడ్డున తాత ఖాళీ దొప్పలు ఏరిస్తూ ఉన్నాడు. నాకు ఆ మూడు మాటలు మనసులోంచి పోలేదు.

"కోసీ, తాత చివర్లో మన్నించమని చెప్పాడే. ఏటా అలాగే చెబుతాడా?"

కోసి తాత వైపు ఒకసారి చూసి, మోటారు తాడు చేతికి చుట్టుకుంది.

"మొదటి రెండు ఏటేట చెప్తడక్క," అంది. "మూడోది ఈ ఏడే కలిపిండు."